శ్రీనాథుడు మింగలేని ముద్ద

శ్రీనాథ మహాకవి ఒకసారి సాక్షాత్తు శ్రీకృష్ణ పరమాత్ముడితోనే పందెం కట్టాడు. పూతన పట్టిన విషం తాగి అరాయించుకున్నానని, అడవిని కాల్చే చిచ్చును పానకంలా మింగేశానని గొప్పలు పోవద్దు స్వామీ, అవన్నీ తేలికే. చింతచిగురు వేసి వండిన బచ్చలికూర పొగలు కక్కుతుండగా జొన్నన్నంలో కలిపి పెడతారిక్కడ, అందులో ఒక్క ముద్ద గొంతు దిగనియ్యి, అప్పుడు చూద్దాం నీ ప్రతాపం - అన్నాడట. పల్నాటి సీమలో తిరిగే రోజుల్లో ప్రాణం విసిగి చెప్పిన పద్యమని వాడుక.

'అన్నాడట' అని ఎందుకంటున్నానంటే, చాటుపద్యాల సంగతి మీకు తెలిసిందే. నోటినుంచి నోటికి వచ్చినవి. వేటూరి ప్రభాకరశాస్త్రిగారి వంటి పెద్దలు పూనుకుని ఏరి గుదిగుచ్చబట్టి మనకి దక్కాయి. శ్రీనాథుడి పేరున చలామణీ అయ్యేవన్నీ ఆయనవేనని ఎవరూ ప్రమాణం చెయ్యలేరు. అయితేనేం, పద్యం మాత్రం ఆయన నోటికి తగ్గదే!

నేను బి.ఏ. చదివే రోజుల్లో మా తెలుగు మాస్టారు ఈ పద్యాన్ని రాగం తీసి చదివితే క్లాసంతా పకపకా నవ్వింది. ఇంటికొచ్చి మా నాయనమ్మకి అర్థం చెప్పాను. ఆవిడది పల్నాడే, గురజాల దగ్గర పల్లె. పద్యం సాంతం విని, కూర తరుగుతున్న చెయ్యి ఆపకుండా, "ఆ కూడు వండిందెవరో చెప్పాడా మీ కవిగారు?" అని అడిగింది.

చెప్పలేదు. పద్యంలో కృష్ణుడున్నాడు, పూతన వుంది, జొన్న వుంది, బచ్చలి వుంది. ఆ జొన్నలు దంచి, ఆ చిగురు కోసుకొచ్చి, దారినపోయే కవిగారికి వేడివేడిగా వడ్డించిన ఇల్లాలు మాత్రం లేదు. ఈ నాలుగు మాటలూ ఆవిడ కోసం.

ముందు కవిగారికి న్యాయం చేద్దాం. శ్రీనాథుడు 14వ శతాబ్దం చివరా, 15వ శతాబ్దం మొదటి సగంలోనూ వున్నవాడు. కొండవీటి రెడ్డిరాజుల కొలువులో విద్యాధికారి. ప్రౌఢదేవరాయల సభలో కనకాభిషేకం చేయించుకున్న మహానుభావుడు. సన్నబియ్యం అన్నం, కమ్మని నెయ్యి, కర్పూర తాంబూలం అలవాటైన నాలుక ఆయనది. అలాంటి నాలుక మీద జొన్న ముద్ద పెడితే ఏమంటుంది? పల్నాట్లో ఎక్కడ చూసినా జొన్నే తప్ప సన్నన్నం ఊసే లేదని ఇంకో చాటువులో కూడా వాపోయాడు పాపం.

పైగా ఇంకో చిక్కుంది. శ్రీనాథుడి కాలానికి మన దేశంలో మిరపకాయ లేదు! వాస్కోడగామా కాలికట్ రేవులో దిగిందే 1498లో. ఆ తర్వాతే పోర్చుగీసువాళ్ల ఓడల్లో అమెరికా ఖండం నుంచి మిరప మనకి చేరింది. వేరుశనగా అంతే, దక్షిణ అమెరికా నుంచి వచ్చిందే. అంటే గుంటూరు జిల్లా అనగానే మనకి గుర్తొచ్చే ఎర్రటి కారం ఆ కూరలో లేదన్నమాట. వుంటే గింటే మిరియం. అదీ ధనవంతుల యిళ్లలో. మిరపకాయ లేని పుల్లటి బచ్చలికూరా, గట్టి జొన్న మెతుకూ... అయ్యో పాపం అనిపించడం లేదూ?

అన్నట్టు, ఆ మోటుకూడు అచ్చంగా పల్లెటూరిదనుకునేరు. దాని వంశవృక్షం కవిగారి కంటే ఎక్కువ దేశాలు తిరిగింది. జొన్న పుట్టింది ఆఫ్రికాలో, సూడాన్ ప్రాంతాన. అక్కడ దాన్ని సాగు చెయ్యడం మొదలై అయిదు వేల ఏళ్లయిందని పురావస్తు శాస్త్రజ్ఞులు చెబుతున్నారు. చింతచెట్టూ అంతే, ఆఫ్రికా నుంచి వచ్చి మన ఊరి పొలిమేరల్లో స్థిరపడిపోయింది. రాగులు (కొందరు చోళ్లంటారు, కొందరు తైదలంటారు) తూర్పు ఆఫ్రికా కొండల మీదివి. కొర్రలు ఉత్తర చైనాలో దాదాపు ఎనిమిది వేల ఏళ్లనాడే పండేవి. మరి మనవంటూ ఏమీ లేవా అంటే, ఎందుకు లేవు? బచ్చలి మనది. సామలు, అరికలు, అండుకొర్రలు మనవి. అనంతపురం, కర్నూలు జిల్లాలకి పొరుగున, బళ్లారి దగ్గర సంగనకల్లు అనే చోట కొత్త రాతియుగం మనుషులు కాపురమున్న కొండలున్నాయి. అక్కడి మట్టిని జల్లెడపట్టి చూస్తే మాడిపోయిన గింజలు దొరికాయి. అండుకొర్రలు, ఉలవలు, పెసలు! నాలుగు వేల ఏళ్లనాటి ఏ ఇల్లాలి పొయ్యిలోనో జారిపడిన గింజలు. ఆవిడ పేరూ మనకి తెలీదు.

శ్రీనాథుడి తర్వాత వందేళ్లు గడవక ముందే ఇంకొకాయన ఇదే భోజనాన్ని చూశాడు. చూసింది సామాన్యుడు కాదు, 1509 నుంచి 1529 దాకా విజయనగరాన్ని ఏలిన శ్రీకృష్ణదేవరాయలు. 'ఆముక్తమాల్యద'లో వర్షాకాలాన్ని వర్ణిస్తూ పల్లెటూరి రెడ్ల భోజనం చెబుతాడు. గురుగు, చెంచలి, తుమ్మి, లేత తగిరిస ఆకులు, వాటిలోకి చింతచిగురు. అన్నీ కలిపి నూనె వేసి పొడిగా వేయించిన కూర. దాంతో అరికల అన్నం. బయట ముసురు. కడుపునిండా తిని, కింద కుంపటి పెట్టుకుని మంచమెక్కితే, లేగదూడలు వచ్చి ఒళ్లు నాకుతుంటాయట!

చూశారా? వంటకం దాదాపు అదే. చిరుధాన్యం, ఆకుకూర, చింతచిగురు పులుపు, పొయ్యి మీంచి దింపిన వేడి. ఆస్థానకవికి గొంతు దిగనిది చక్రవర్తికి ముచ్చటగా కనిపించింది. రాయలవారు ఆ అన్నం తిన్నారో లేదో గానీ తినేవాళ్ల తృప్తిని మాత్రం చూశారు. ఆ ఆకుకూరలకి పేరు పేరునా ప్రబంధంలో పీట వేశారు. అందులో ఒక్కటీ మడి కట్టి, నీళ్లు పెట్టి పెంచేది కాదు. వానకి చేలగట్ల మీద దానంతట అది మొలిచేదే. కలుపు తీయడానికి వెళ్లిన ఆడవాళ్లు సాయంత్రం ఒడి నింపుకుని తెచ్చేవే. తుమ్మికూరని తెలంగాణలో వినాయకచవితినాడు వండుకునే ఆచారం ఇప్పటికీ వుంది.

ఇక ఆ గింజ కంచంలోకి వచ్చేదాకా జరిగే తతంగం చెప్పాలి. కవులు చెప్పనిది అదే కదా.

జొన్నన్నం వండాలంటే రాత్రే గింజలు సిద్ధం చేసుకోవాలి. తెల్లవారుజామున కాస్త నీళ్లు చిలకరించి రోట్లో పోసి దంచాలి. పైపొర వదిలాక చేటలో పోసి చెరగాలి. మళ్లీ దంచాలి, మళ్లీ చెరగాలి. తవుడు గొడ్డుకి, నూక జావకి, గింజ అన్నానికి. రొట్టె చేసుకోవాలంటే తిరగలి ముందు కూర్చోవాలి. కొర్రలు, సామల సంగతి మరీ కష్టం. వాటి పొట్టు ఒక పట్టాన వదలదు. పది మంది తినే యింట్లో ఈ పని రోజూ వుంటుంది. మన దంపుళ్ల పాటలు ఎంత బావుంటాయో అంటాం. పాట లేకపోతే ఆ పని చెయ్యలేరు కాబట్టే పాట పుట్టింది.

అందుకే మా నాయనమ్మకి జొన్నన్నం మీద మనకున్న మమకారం లేదు. "ఆ రోకటిపోటు నీకేం తెలుసమ్మాయ్! కోడి కూయకముందు లేచి దంచితేగాని పొయ్యి మీద ఎసరెక్కేది కాదు. అరచేతుల్లో కాయలు! వరన్నం వచ్చాకే గదా నేను తెల్లారిందాకా పడుకుంది" అనేది. వాళ్లింట్లో వరన్నం అంటే ఉగాదికీ, సంక్రాంతికీ, అల్లుడొచ్చినప్పుడూ. చెప్పాపెట్టకుండా చుట్టం వస్తే పెరటి దారిన పక్కింటికెళ్లి సోలెడు బియ్యం చేబదులు తెచ్చేవారట. చుట్టానికి వరన్నం, ఇంటివాళ్లకి జొన్నన్నం. చుట్టం చూడకుండా తినాలి, అది ముఖ్యం!

ఎప్పుడో శ్రీనాథుడు వేసిన వెక్కిరింత అన్ని వందల ఏళ్లూ ఆ పల్లెల్లో అలా కాపురం చేసింది. ఆ పద్యం వాళ్లకి తెలియకపోవచ్చు. కానీ తాము తినేది ఒకరి ముందు తినదగ్గది కాదన్న సిగ్గు తెలుసు.

మరి వరి ఎలా వచ్చిందంటారా? నీళ్లతో వచ్చింది. ధవళేశ్వరం దగ్గర కాటన్ దొర కట్టించిన ఆనకట్ట 1852కి పూర్తయింది. బెజవాడ దగ్గర కృష్ణ మీద ఆనకట్ట 1855కి. డెల్టా అంతా వరి చేలయింది. పల్నాడు మాత్రం కృష్ణ ఒడ్డునే వుండి కూడా ఇంకో వందేళ్లు ఎండి కూర్చుంది. 1955 డిసెంబరు 10న నెహ్రూగారు నాగార్జునసాగర్‌కి శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకి నీళ్లు వదిలారు. కుడి కాలువ నీళ్లు పల్నాటి చేలల్లో పారాయి. శ్రీనాథుడు వెతికి వెతికి వేసారిన వరన్నం ఆయన పోయిన అయిదు వందల ఏళ్లకి పల్నాట్లో పండింది. ఆ పైన 1983లో రామారావుగారి ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం తెచ్చాక మెట్ట పల్లెల్లోనూ, కూలివాళ్ల గుడిసెల్లోనూ వరన్నం రోజువారీ భోజనమైంది. పండగనాటి అన్నం ప్రతిరోజూ తినగలగడం చిన్న సంగతి కాదు. ఆకలి ఎరిగినవాళ్లకి దాని విలువ తెలుస్తుంది. దాన్ని తప్పు పట్టే హక్కు, నిన్నగాక మొన్న చిరుధాన్యాలు కనిపెట్టినట్టు మాట్లాడే మనకి లేదనే నా ఉద్దేశం.

అయితే వరితో వచ్చిన కష్టమూ వుంది. డెల్టాలో రోళ్లు మూలపడి రైసు మిల్లులు వచ్చాయి. మిల్లు తెల్లగా పాలిష్ పట్టిన పచ్చిబియ్యంలోంచి తవుడుతో పాటు బి1 విటమిన్ కూడా పోతుంది. గోదావరి, కృష్ణా డెల్టాలున్న ఉత్తర సర్కారు జిల్లాల్లో బెరిబెరి జబ్బు పట్టుకుంది. కాళ్లు తిమ్మిరెక్కడం, ఒళ్లు ఉబ్బడం, గుండె దెబ్బతినడం. చనుపాల బిడ్డలు కూడా పోయేవారు. ఈ జబ్బు సంగతి తేల్చడానికి మెకారిసన్ అనే డాక్టరుగారు 1918లో కూనూరులో ఒక చిన్న పరిశోధనశాల పెట్టారు. అదే పెరిగి పెద్దదై 1958లో హైదరాబాదు చేరింది. మనందరికీ తెలిసిన జాతీయ పోషకాహార సంస్థ అదే.

అమ్మయ్య, జొన్న గెలిచిందనుకోకండి. ఆ సంస్థలోనే గోపాలన్, శ్రీకంఠయ్య అనే యిద్దరు డాక్టర్లు జొన్న తప్ప ఇంకేమీ దొరకని కూలివాళ్లలో కనిపించే పెల్లాగ్రా అనే జబ్బును పరిశీలించారు. ఎండ తగిలినచోట చర్మం నల్లబడి పొలుసులు లేచిపోయే జబ్బు అది. జొన్నలో ల్యూసిన్ అనే పదార్థం ఎక్కువగా వుండడం అందుకు కారణం కావచ్చునని 1960లో ప్రకటించారు. ఆ కారణం మీద తర్వాత వాదోపవాదాలు జరిగాయి. కానీ ఒకటి మాత్రం నిలిచింది. ఉత్త వరి తిన్నవాళ్లకి ఒక జబ్బు, ఉత్త జొన్న తిన్నవాళ్లకి ఇంకొకటి. తప్పంతా గింజది కాదు, గింజ పక్కన ఇంకేమీ లేకపోవడంలో వుంది. పప్పు, ఆకుకూర, మజ్జిగ వున్న కంచంలో ఏ గింజైనా హాయిగా ఒదిగిపోతుంది. జొన్నలో ఇనుము వుంది గానీ అది ఒంటికి తేలిగ్గా పట్టదు. నిమ్మరసం వంటి పులుపులోని సి విటమిన్ తోడైతే పడుతుంది. ఆకుకూర మీద పులుపు పడాలని మన అమ్మమ్మలకి ఏ పరిశోధనశాలా చెప్పలేదు. రుచి చెప్పింది.

ఇప్పుడు చక్రం మళ్లీ తిరిగింది. 2018లో కేంద్ర ప్రభుత్వం వీటికి 'పోషక ధాన్యాలు' అని కొత్త పేరు పెట్టింది. మన దేశం అడిగితే ఐక్యరాజ్యసమితి 2023ని అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా జరిపింది. పెద్ద హోటళ్లలో 'వార్మ్ మిల్లెట్ సలాడ్' అని తెల్ల పింగాణీ పళ్లెంలో వడ్డిస్తున్నారు. నాలుగు మెతుకులు, రెండు ఆకులు, కాస్త పులుపు, మూడంకెల బిల్లు. కవి పందెం కట్టిన ముద్ద అదే కదండీ! పేరు మారింది, పళ్లెం మారింది, తినేవాళ్లు మారారు. ఇప్పుడు దాన్ని చుట్టం చూడకుండా తినక్కర్లేదు. చుట్టాన్ని పిలిచి మరీ పెడుతున్నాం.

సంతోషమే. కానీ ఈ గింజలు మన దాకా ఎలా మిగిలాయో కూడా తెలుసుకోవాలి. జహీరాబాదు ప్రాంతంలో పస్తాపూర్ కేంద్రంగా పనిచేసే డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లో వున్నది ఎక్కువగా పేద దళిత స్త్రీలు. అందరూ వరి వైపు పరుగులు తీస్తున్న రోజుల్లో కొర్ర, సామ, జొన్న రకాల విత్తనాలు బుట్టల్లో బూడిదా, వేపాకూ కలిపి దాచింది వాళ్లు. ఒకే చేనులో పదీ పదిహేను రకాలు కలిపి విత్తింది వాళ్లు. 2019లో వాళ్ల సంఘాలకి ఐక్యరాజ్యసమితి వాళ్ల ఈక్వేటర్ బహుమతి వచ్చింది. వండిన ఇల్లాలికి పద్యంలో చోటు లేకపోయినా, విత్తనం దాచిన ఇల్లాలికి ఇన్నాళ్లకి ఒక మెప్పు దక్కింది.

ఇంత చెప్పాక వండే పద్ధతి చెప్పకపోతే మీరు ఊరుకోరు. రోలూ రోకలీ అక్కర్లేదు, భయపడకండి. ఒక గ్లాసు జొన్నలు కడిగి రాత్రంతా నానబెట్టండి. పొద్దున్నే ఆ నీళ్లు వంపేసి, మూడు గ్లాసుల నీళ్లూ చిటికెడు ఉప్పూ వేసి కుక్కర్లో ఆరేడు విజిల్స్ రానిచ్చి, సన్నసెగ మీద ఇంకో పది నిముషాలుంచండి. గింజ మెత్తబడాలి గానీ చితకకూడదు. మిగిలిన నీళ్లు వార్చి పారబొయ్యకండి, మజ్జిగా ఉప్పూ కలుపుకుని తాగితే ప్రాణం లేచొస్తుంది. రెండు కట్టల బచ్చలాకు కడిగి, తడి ఆరనిచ్చి తరగండి. బాణలిలో రెండు చెంచాల నువ్వులనూనె కాగాక ఆవాలు, జీలకర్ర, చితక్కొట్టిన నాలుగు వెల్లుల్లి రెబ్బలు, రెండు ఎండుమిరపకాయలు వెయ్యండి. అందులో బచ్చలి వేసి మూత పెట్టకుండా వేయించండి. చింతచిగురు దొరికే రోజులైతే గుప్పెడు చిగురు అరచేతుల్లో నలిపి వెయ్యండి. పులుపు పడితే బచ్చలి జిగురు విరుగుతుంది. దొరకని రోజుల్లో దింపాక నిమ్మకాయ పిండుకోవచ్చు. వేడి జొన్నలు, ఉప్పు, చెంచాడు వేయించిన నువ్వులపొడి కలిపి అలా పొగలు వస్తుండగానే వడ్డించండి. తీరిక లేనివాళ్లు కొర్రలతో చేసుకోవచ్చు. అరగంట నానబెట్టి రెండింతల నీళ్లు పోస్తే పావుగంటలో అన్నమవుతుంది. శ్రీనాథుడి కాలంనాటి రుచే కావాలని పట్టుబట్టేవాళ్లు మిరపకాయ తీసేసి నాలుగు మిరియాలు దంచి వేసుకోండి. మా యింట్లో ఒకసారి అలా చేశాను. శ్రీవారు మారుమాట్లాడకుండా ఆవకాయ జాడీ దగ్గరికి లాక్కున్నారు!

కవిగారి చివరి రోజులు తలుచుకుంటే మాత్రం మనసు కలుక్కుమంటుంది. ఆయన పేరున వున్న మరో చాటువు ప్రకారం, కొలువులన్నీ పోయాక కృష్ణ ఒడ్డున బొడ్డుపల్లెలో పొలం గుత్తకి తీసుకుని వ్యవసాయం చేశాడు. కొంత పంట కృష్ణ పట్టుకుపోయింది, మిగిలిన నువ్వులూ పెసలూ పిట్టలు తినిపోయాయి. కనకాభిషేకం జరిగిన తలమీద శిస్తు బాకీ వచ్చిపడింది. చేతికి రాని పంట విలువ అప్పుడాయనకి తెలిసే వుంటుంది. ఆ వేళప్పుడు పొరుగింటి ఇల్లాలెవరో పొగలు కక్కే ముద్ద ఒకటి తెచ్చిపెట్టి వుంటే కాదనేవాడా?

ఇంతకీ ఆయన పందెం కట్టింది ఎవరితోనో గుర్తుందా? పాండవులు అరణ్యవాసంలో వుండగా దుర్వాసుడు శిష్యగణంతో వేళ కాని వేళ దిగబడ్డాడు. ద్రౌపది అప్పటికే తిని అక్షయపాత్ర కడిగేసింది. దిక్కుతోచక తలుచుకుంటే కృష్ణుడొచ్చి, ఆ పాత్ర ఇలా తెమ్మన్నాడు. అంచుకి అంటుకుని వున్నది ఒక మెతుకూ, ఒక ఆకుకూర తునకా! అది నోట్లో వేసుకుని తృప్తిగా త్రేన్చాడు. లోకాలన్నిటి ఆకలీ తీరింది.

పోయి పోయి అలాంటివాడితోనా జొన్నన్నం, బచ్చలికూర మీద పందెం కట్టడం! కృష్ణుడు జవాబిచ్చినట్టు ఏ చాటువూ లేదు. నోట్లో ముద్ద పెట్టుకున్నవాడు ఏం మాట్లాడతాడు చెప్పండి!